మొగలి కొమ్మల్లో మందు

మా ఆయన మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. ఉన్నది ఒక్కటే. చేపకి ఐసు ఎలా వెయ్యాలో ఒడిశా గంజాం తీరం మొత్తం మీద ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. పొడంపేట ఒడ్డున దిగిన చేపను, కన్ను తెల్లబడకుండా కలకత్తా దాకా పంపగలరు. నోట్లోని మాటను మాత్రం వీధి మలుపు దాకా కూడా తాజాగా ఉంచలేరు. ఆయన పేరు ఢిల్లీశ్వరరావు. పేరుకి తగ్గట్టే ఏ కబురైనా ఆ నోట పడితే రాజధాని దాకా వెళ్ళాల్సిందే.

ఆయన చెల్లెలు చందన, "అన్నియ్యా, మా లేబులో కంటి మందు మీద పని జరుగుతోంది," అని ఒకనాడు అన్నం తింటూ అంది. ఆ మాట బరంపురంలో మా హల్దియాపదర్ పేట దాటేసరికి "మా చెల్లి కంటి మందు కనిపెట్టింది" అయింది. వాళ్ళ ఊరు పొడంపేట చేరేసరికి అక్కడ ఇంక ఎవరికీ కళ్ళజోడు అక్కర్లేదన్నంత దూరం వెళ్ళింది.

దాని ఫలితం ఆ ఉదయం మా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. జగ్గన్న మామ. పొడంపేట నుంచి తొలి బస్సుకి బరంపురం వచ్చాడు. నీరు కారే కంటిని తువ్వాలుతో నొక్కుకుని, రెండో కంటితో నేనిచ్చిన టీని పరీక్షిస్తున్నాడు. ఒళ్ళో ఎండురొయ్యల పొట్లం.

"సందన నేదేటి?" అన్నాడు.

స్నానం చేస్తోందన్నాను. చందన వంటింటి తలుపు వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముందు బెరుకు లేకుండా మాట్లాడే మనిషి, ఎండురొయ్యల పొట్లం ముందు నిలబడలేకపోతోంది.

లోపలి గదిలో మా అత్తగారు దానమ్మ, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎడమ కంట్లో మొగలి ఆకు గీసుకుని, ఆ పుండుకి బూజు పట్టిందని డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నించి ఆవిడ మా ఇంట్లోనే ఉంటోంది. "నీ మందు నా కంట్లో ఎయ్యి" అని కూతుర్ని అడగడం, కూతురు కాదనడం అయిన దగ్గర్నించి ఆ కూతురితో మాటలు లేవు.

ఎంతసేపని స్నానం చేస్తుంది? చందన బయటికి వచ్చింది.

"మామా, అది ఇంకా మందు అవ్వలేదు," అంది నెమ్మదిగా. "అవడానికి చాలా కాలం పడతాది. నువ్వు పెద్దాసుపత్రిలో చూపించుకో. నేను తీసుకెళ్తాను."

"మరి డిల్లీసు సెప్పినాడు గదా?"

"అన్నియ్య తొందరపడ్డాడు."

జగ్గన్న మామ ఆలోచించాడు. తరవాత, వాతావరణం అడిగినట్టు మామూలుగా, ఒక్క మాట అడిగాడు.

"మీ యమ్మకి ఏసినావా?"

"నేదు."

"అలాగా," అన్నాడాయన. ఆ తరవాత మందు ప్రస్తావనే తేలేదు. టీ తాగి, రొయ్యలు నా చేతిలో పెట్టి, తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆసుపత్రికి రమ్మంటే పనుందన్నాడు. మెట్లు దిగుతూ చందన తల మీద చెయ్యి వేసి వెళ్ళాడు. పరీక్ష తప్పిన పిల్లని ఓదార్చినట్టుంది ఆ చెయ్యి.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఆవిడ అంతా విన్నది.

పొడంపేటలో మా అత్తగారి వీధిలో ఒక పద్ధతి ఉంది. కొత్త వల మొదటిసారి నీళ్ళలో దిగిన పూట, పడ్డ చేపలోంచి తొలి ముద్ద ఆ వల అల్లినవాడి తల్లి తినాలి. తల్లి లేకపోతే పిన్ని తింటుంది, అమ్మమ్మ తింటుంది. ఆవిడ తిన్నదీ లేనిదీ వీధంతా తెలుస్తుంది. తినకపోతే ఎవరూ ఏమీ అనరు. ఆ వలకి మాత్రం తోడు రారు. అల్లినవాడి తల్లే తినలేదంటే వలలో ఏదో ఉందనుకుంటారు.

మా పుట్టింటివాళ్ళం ఇచ్ఛాపురం వైపు పొలాలు చేసుకునేవాళ్ళం. మాకీ లెక్కలు లేవు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకిది వేడుకగా ఉండేది. ఆ రోజు జగ్గన్న మామ ఖాళీ గ్లాసు తీస్తుంటే మాత్రం వేడుకగా లేదు.

*

మధ్యాహ్నం దానమ్మత్త వంటింట్లోకి వచ్చి కత్తిపీట ముందు కూర్చుంది. డాక్టరమ్మ వద్దన్న పనుల్లో చేపలు కొయ్యడం మొదటిది. వద్దని నేనూ అన్నాను. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితోనే కవళ్ళ చేపల పొట్టు తీస్తూ, నన్ను పిలిచింది.

"వాణీ. జగ్గన్న ఏటడిగినాడో ఇన్నావా?"

"విన్నాను అత్తా."

"దాన్నడుగు. ఇప్పుడు ఊర్లో ఏటనుకుంటారో దాన్నడుగు."

'అది' నాకు రెండడుగుల దూరంలో ఉల్లిపాయలు తరుగుతోంది.

"వొదినా, ఊరు ఏమనుకున్నా మందు తయారవదని అమ్మకి చెప్పు," అంది ఉల్లిపాయలతో.

ఇలా కొన్నాళ్ళుగా మా ఇంట్లో నేను పోస్టాఫీసు. ఉత్తరాలు రెండువైపులా చదువుతాను, ఎవరికీ బట్వాడా చెయ్యను. వాళ్ళకెలాగూ వినబడుతుంది కనక.

"మేక కంటికి ఏస్తాదట. తల్లి కంటికి ఎయ్యదట," అంది అత్త కవళ్ళతో.

అది నిజమే. ఆదివారాలు పొద్దున్నే చందన మాంసం కొట్టుకి వెళ్ళి, అప్పుడే కోసిన మేకల కళ్ళు అడిగి తెచ్చుకుంటుంది. అన్నగారి ఐసు డబ్బాలోనే లేబుకి పట్టుకెళ్తుంది. కొట్టువాడు ఆ కళ్ళని ఏ కూర వండుతారని నన్నొకసారి అడిగాడు. పులుసు అని చెప్పాను. ఇప్పటికీ నమ్ముతున్నాడు.

ఆ కళ్ళ మీదే చందన మందు. దాని సంగతి ఒకనాడు తల్లికి అర్థమయ్యేలా చెప్పింది, మాటలున్న రోజుల్లో. మామూలు చుక్క కంట్లో పడగానే కన్నీళ్ళతో కలిసి కారిపోతుంది. పుండు లోతుకి దిగేది కొంచెమే. అందుకని మందుని మోసుకెళ్ళే ఒక చిన్న వాహనం కావాలి. కంటికి కనబడనంత చిన్నది. వీళ్ళు తయారుచేసేది కొమ్మలు కొమ్మలుగా పెరిగే పాలిమరు. "మొగలి చెట్టు చూడమ్మా," అంది. "ఒక మాను రెండవుతాది. ఆ రెండూ మళ్ళీ రెండేసి అవుతాయి. అలా పెరిగి పెరిగి గుబురవుతాది కదా. ఇదీ అంతే. ఆ గుబురు లోపలి సందుల్లో మందు కూర్చుంటాది. బయటి కొసలు కంటిని పట్టుకుంటాయి. పట్టుకుని, నెమ్మదిగా మందుని వదుల్తాయి."

దానమ్మత్తకి అది బ్రహ్మాండంగా అర్థమైంది. మొగలి డొంకల్లో పిట్టలు దాక్కోవడం ఆవిడ చిన్నప్పటినుంచీ చూస్తోంది. చందన ఆ తరవాత చెప్పిన సగమే ఆవిడ చెవికెక్కలేదు.

ఆ సగాన్ని చందన ఇప్పుడు మళ్ళీ చెప్పింది, నా వైపు చూస్తూ. "మొగలి ఆకు అంచుకి ముళ్ళుంటాయి కదా వొదినా. వీటి కొసలకీ పదునుంటాది. కంటిని పట్టుకునేదీ ఆ పదునే, గీసేదీ అదే. ఆ కొసల్లో కొన్నిటిని మూసెయ్యాలి. ఎన్ని మూస్తే పట్టు పోకుండా గీత పడకుండా ఉంటాదో మాకింకా తెలీదు. తెలుసుకుందుకే ఆ మేకలు."

"మేకలకి ఏటీ అవనేదు కదా," అంది అత్త.

చందన కత్తి కింద పెట్టింది. పోస్టాఫీసు మూతపడింది.

"అది సచ్చిన మేకమ్మా. మంటెత్తినా సెప్పదు."

ఇంట్లో తెలుగులో ఇంగ్లీషూ ఒడియా కలిపి మాట్లాడే పిల్ల, కోపం వస్తే పొడంపేట భాషలోకి దిగిపోతుంది.

"నాను సెప్తాను కదే," అంది దానమ్మత్త. "అందుకే నాకెయ్యమంటన్నాను."

నాకు నవ్వొచ్చింది. చందనకి రాలేదు. తల్లి వైపు తిరిగింది.

"నువ్వు సెప్పవు," అంది. "మంటెత్తినా సెప్పవు. నాకు తెల్దా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. తరవాత మళ్ళీ పొట్టు ఎగరడం మొదలైంది, ఇందాకటి కంటే జోరుగా. ఆ పూట పులుసులో ఉప్పు వెయ్యడం ఎవరూ మర్చిపోలేదు. ముగ్గురం విడివిడిగా వేశాం.

*

ఆ పులుసు తింటూ మా ఆయన ఇంకో సంగతి బయటపెట్టారు. దాచుకోలేక కాదు, దాచాలని తోచక.

ముందురోజు ఆయన చందన పరిశోధన గైడు గారింటికి వెళ్ళారట. ఉత్త చేతులతో వెళ్తే బాగుండదని మంచి చందువ ఒకటి ఐసులో పెట్టి పట్టుకెళ్ళారట. ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా తినరు. తలుపు తీసిన గైడు గారి భార్య ఆ చేప కళ్ళలోకి చూసి పూజగదిలోకి వెళ్ళిపోయిందట. గైడు గారు మాత్రం మర్యాదగా కూర్చోబెట్టి, మనిషి కంట్లో చుక్క వెయ్యాలంటే ముందు బతికున్న జంతువుల మీద చూడాలి, ఆ పైన కమిటీలు ఒప్పుకోవాలి, అని చెప్పారట.

"కమిటీలో ఎవరెవరున్నారో కనుక్కుంటే మనం మాటాడొచ్చు," అన్నారు ఈయన ముద్ద కలుపుతూ. చేపల రేవు వేలం కమిటీలో ఈయన మాట చెల్లుతుంది. ఇదీ అలాంటిదే అనుకున్నారు.

చందన ముద్ద దించేసింది.

"నువ్వు మా సారింటికి ఎల్లినావా?"

"ఎల్తే ఏటి? అమ్మ కన్ను కదా."

"చేప పట్టుకుని?"

"మంచి చందువ."

ఆ తరవాత జరిగినదాంట్లో సగం మాటలు అన్నాచెల్లెళ్ళ చిన్నప్పటి లెక్కలు. ఎవరి చదువుకి ఎవరు కాలేజీ మానేశారో, ఎవరి పడవ అమ్మితే ఎవరి హాస్టలు గడిచిందో, అన్నీ వచ్చాయి. నేను పెరుగు వడ్డించి నా పని నేను చూసుకున్నాను. చివరికి ఈయన అసలు మాటకి వచ్చారు.

"ఒకటడుగుతాను సెప్పు. నీ మందు మీద నీకే నమ్మకం నేదా?"

"నమ్మకం ఉంది."

"మరింకేటి?"

"నమ్మకం చాలదు అన్నియ్యా. తెలియాలి." చందన గొంతు తగ్గింది. "నమ్మకంతో ఏస్తాను. అమ్మ కన్ను పోతాది. అప్పుడు నా నమ్మకం పట్టుకుని ఏటి సేసుకుంటావు?"

మా ఆయన మంచినీళ్ళ చెంబు అందుకున్నారు. ఖాళీ చేసి గాని దించలేదు.

దానమ్మత్త కంచం దగ్గర్నించి లేచింది. డాక్టరమ్మ ఇచ్చిన చుక్కలు వేసుకునే వేళయింది. అది పాలలా తెల్లటి మందు, గంటగంటకీ వెయ్యాలి. మొదట్లో నేను వేస్తానన్నాను. చేప కోసే చేతికి చుక్క వెయ్యడం రాదా అంది ఆవిడ. అప్పట్నించీ పద్ధతి ఒకటే. నేను వంటింట్లోంచి "అత్తా, వేళయింది" అంటాను. ఆవిడ గది తలుపు చేరవేసుకుంటుంది. కాసేపటికి "ఏసినాను" అని వినబడుతుంది.

"ఏసినాను," అని ఆ మధ్యాహ్నం కూడా వినబడింది.

*

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. అత్త స్నానానికి వెళ్ళగానే పక్క దులపడానికి ఆవిడ గదిలోకి వెళ్ళాను. కిటికీ రెక్క తీసి దుప్పటి విదిలిస్తుంటే, కింద పెరట్లో క్రోటన్ మొక్క కనబడింది. ఎర్రా పచ్చా ఆకుల మీద సున్నం చిలికినట్టు తెల్లటి మచ్చలు.

కాకి పని అనుకున్నాను. కాని కాకి ఒక్క మొక్క మీదే, ఒక్క కిటికీ కిందే, అంత క్రమశిక్షణగా ఉండదు.

పెరట్లోకి వెళ్ళి ఒక ఆకు తుంచి గీరి చూశాను. పొడిపొడిగా రాలింది. లోపలికొచ్చి మంచం పక్కనున్న మందు సీసా కదిపి, గిన్నె మూత మీద ఒక చుక్క వేసి ఆరనిచ్చాను. ఆరాక గీరాను. అదే పొడి.

మంచం మీద కూర్చుండిపోయాను. చుక్కలు వేసుకునేవాళ్ళ రెప్పలకి ఈ తెలుపు అంటుకుని ఉండాలి. మా అత్త రెప్పలు ఎప్పుడూ కడిగిన ముత్యాల్లా ఉండేవి. శుభ్రం ఎక్కువ మనిషి కదా అని నేను మెచ్చుకున్నాను కూడా.

ఎవరికి చెప్పను? మా ఆయనకి చెబితే పొడంపేటకి చెప్పినట్టే. చందనకి చెబితే, తల్లి కన్ను తన మందు కోసం పోతోందని తెలిస్తే, ఆ పిల్ల మళ్ళీ లేబు మెట్లెక్కదు. చెప్పవలసింది డాక్టరమ్మకి. చెప్పవలసిన మనిషి నేను కాదు.

ఆటోలో ముగ్గురం కూర్చున్నాం. మా ఆయన రేవుకి వెళ్ళారు. చందన ఒక చెవికి ఫోను ఆనించుకుని లేబులో ఎవరితోనో ఒడియాలో మాట్లాడుతోంది. సంత దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు కూరగాయల రిక్షా, వెనక సిటీ బస్సు.

"అత్తా," అన్నాను. "నీ కిటికీ కింద క్రోటన్ మొక్క చూశావా? దానికింక జన్మలో బూజు పట్టదు."

దానమ్మత్త మెడ తిప్పింది. ఆ ఒక్క కంటితో నన్ను చూసింది. చేపలు కొనేటప్పుడు మొప్పలెత్తి చూసే చూపది.

"నీకు కళ్ళు శానా ఎక్కువ," అంది.

బస్సు హారన్ కొట్టింది. చందన ఫోను ఇటు చెవి నుంచి అటు చెవికి మార్చుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా మేమిద్దరం కూరగాయల రిక్షాని చూస్తూ కూర్చున్నాం.

చీటీ రాయించడానికి చందన కౌంటరు దగ్గరికి వెళ్ళింది. బెంచీ మీద మేమిద్దరం మిగిలాం.

"దాని మందు కోసమేనా? ఎందుకత్తా?" అన్నాను.

ఆవిడ చీర కొంగు సర్దుకుంది.

"ఈ మందుకి నా కన్ను బాగయిపోతే," అంది, "దాని మందు ముందుగా ఎవులికి ఏస్తాది? ఎవులో పైవోల్లకి. రేపు ఊర్లో అడుగుతారు, మీ యమ్మకి ఏసినావా అని. జగ్గన్న అడగనేదా? దాని తల నేలకి ఎలా వాలిపోనాదో సూడనేదా నువ్వు?"

"కన్ను పోతే?"

"ఇంకోటి ఉంది కదా."

మార్కెట్లో జత చెప్పుల గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. సముద్రం ఇల్లు తీసుకుపోయిన రోజున కూడా ఈవిడ ఇలాగే, గోడలు పోయాయి గాని గిన్నెలు మిగిలాయి అందని మా ఆయన చెబుతారు.

"లోపల నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు సెప్తే నాను నేదంటాను. నీ మాటా నా మాటా. నా కొడుకు ఎవులి మాట నమ్ముతాడో సూద్దాం."

మా ఆయన సంగతి నాకు తెలుసు కనక ఆ ఎన్నికలో పోటీ చెయ్యదలచుకోలేదు. కాని డాక్టరమ్మ కాగితం మీద కలం పెట్టేలోగా నిజం ఆ గదిలో పడాలి. ఎవరి నోటినుంచి అన్నదే మిగిలింది.

చందన చీటీతో వచ్చింది. "అమ్మని పిలుస్తున్నారు," అంది నాతో.

*

డాక్టరమ్మ మా అత్త గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, సన్నటి వెలుగు కంట్లోకి వేసి, చాలాసేపు చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. తరవాత కుర్చీ వెనక్కి జరిపి, పిన్ని వరస కలిపి ఒడియాలో అడిగింది. చుక్కలు వేసుకుంటున్నారా మావుసీ? గంటగంటకీ?

"హఁ," అంది దానమ్మత్త.

ఒక్కసారి కూడా మానలేదు కదా?

"నాఁ."

డాక్టరమ్మ నిట్టూర్చి చందన వైపు తిరిగింది. ఇంత సరిగ్గా వేసినా పుండు మానలేదంటే మందు పనిచెయ్యడం లేదన్నమాట, అంది. పుండు లోతుకి దిగింది. ఇంక ఆగడానికి లేదు. భువనేశ్వర్ పంపిస్తాను, కుళ్ళిన పొర తీసేసి, చనిపోయినవాళ్ళెవరో దానమిచ్చిన పొర అతుకుతారు. నిలుస్తుందా, చూపొస్తుందా, నేను మాటివ్వలేను.

చందన గోడకి ఆనుకుంది. మందు లోపలికి దిగడం లేదా మేడం, అని అడిగింది. డాక్టరమ్మ తలూపింది. ఈ మందుతో వచ్చిన చిక్కే అది, పైపైన ఉండిపోతుంది, లోతుకి చేరదు.

అయిదేళ్ళుగా చందన పని ఆ ఒక్క చిక్కు మీదే. ఆ మాట ఆ గదిలో మా అందరికీ తెలుసు, డాక్టరమ్మకి తప్ప.

డాక్టరమ్మ కాగితాల బొత్తి దగ్గరికి లాక్కుంది.

"మేడం," అంది చందన.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

తన దగ్గర ఒకటి ఉందంది. ఇదే మందుని లోపలికి మోసుకెళ్ళేది. మేక కళ్ళలో దిగింది. బతికున్న ఏ కంట్లోనూ ఇంకా వెయ్యలేదు. అనుమతుల్లేవు. అయినా, ఎలాగూ ఆ పొర తీసేస్తారు కదా, తియ్యడానికి ముందు, ఒక్కసారి, అమ్మకి...

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. నువ్వేమడుగుతున్నావో నీకు తెలుసా, అంది.

"తెలుసు," అంది చందన. "ఏమవుతుందో తెలియదనీ తెలుసు."

నిన్న నమ్మకం చాలదన్న పిల్ల, తెలియాలన్న పిల్ల, ఇవాళ తన మాట తనే కాళ్ళ కింద వేసుకుంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. బ్యాగు పట్టీని రెండు చేతులా పట్టుకుని ఉంది. పట్టీతో పాటు బ్యాగంతా వణుకుతోంది.

నేను అత్త వైపు చూశాను. ఇన్నాళ్ళు కోరుకున్నది వచ్చి ఒళ్ళో వాలింది. ఇంకేం చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఆవిడ ముఖంలో గెలుపు వెతికాను. కనబడలేదు. ఆ కుడి కన్ను కూతురి చేతుల మీదే ఉంది.

ఇంక నేను ఆగడానికి లేదు. "మేడం, ఒక్క మాట," అని నోరు తెరిచాను.

"నువ్వుండు వాణీ," అంది దానమ్మత్త.

డాక్టరమ్మ వైపు తిరిగింది. ఒడియాలో మొదలుపెట్టింది, మధ్యలో తెలుగులోకి పడిపోయింది. పడిందని ఆవిడకి తెలియలేదు.

"నీ మందు పని సెయ్యనేదు అనకు తల్లీ. దాన్ని నాను కంట్లో ఎయ్యనేదు. కిటికీలోంచి పారబోసినాను."

తెలుగు సగం డాక్టరమ్మకి అర్థం కాలేదు. అది నేను ఒడియాలో చెప్పాను. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

ఎప్పట్నించి?

"మొదటి సీసా నుంచీ."

"అమ్మా," అంది చందన. అంతే అంది. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

డాక్టరమ్మ ముఖంలో కోపం వచ్చింది. వచ్చి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నిలిచిపోయింది. చుక్క కూడా పడని కంట్లో పుండు ఇంతదాకానే దిగిందా, అని తనలో తను అనుకున్నట్టు అంది. అది మంచి మాటో చెడ్డ మాటో మాకు తెలియలేదు. మళ్ళీ చూడాలి అంది. లైటు ఆర్పించి, యంత్రం ముందుకి లాగి, గడ్డం పెట్టమంది.

దానమ్మత్త గడ్డం ఆనించింది. నుదుటికి పట్టీ అడ్డు. ఇంక తల తిప్పడానికి లేదు. కూతురు వెనక ఎక్కడో చీకట్లో ఉంది.

"కదలకండి మావుసీ. మాట్లాడకండి," అంది డాక్టరమ్మ.

సన్నటి వెలుగు ఆ ఎర్రటి కంట్లోకి దిగింది.

"సందనా," అంది దానమ్మత్త, కదలకుండా, ఎదర ఉన్న వెలుగుతో. "నీ పేరు నిలబెడదారని నీ సెయ్యి వొణికించినాను. నువ్వు ఎయ్యనన్నదే నిజిం. నాను తప్పు సేసినానమ్మీ."